అడవి జీవుల దుఃఖం: ఫొటోలో కనిపించేది, కనిపించనిది

(సంఘం వార్షిక సమావేశంలో ఫొటో ప్రదర్శన సందర్భంగా చేసిన ప్రసంగ పాఠం)



మమ్మల్ని ఈ వేదిక మీదికి పిలిచి, హాలు గోడల నిండా మా ఫొటోలు పెట్టుకోనిచ్చినందుకు ముందుగా కృతజ్ఞతలు. మేము ముగ్గురు మిత్రులం. పదిహేనేళ్ళుగా సెలవు దొరికితే చాలు, కెమెరాలు భుజాన వేసుకుని నల్లమల వైపు వెళ్తున్నాం. మేము శాస్త్రవేత్తలం కాము. కళ్ళారా చూసినవి కొన్ని, చదివి తెలుసుకున్నవి కొన్ని మీ ముందు పెడతాం.

పొద్దున ప్రదర్శన చూస్తూ ఒక బాబు మా దగ్గర ఆగాడు. ఏనుగు ఫొటో వైపు వేలు చూపించి, "చాచా, ఇది ఏడుస్తోందా?" అని అడిగాడు. మేము నోరు తెరిచేలోపే వాళ్ళ నాన్న, "జంతువులకు అవన్నీ ఎందుకుంటాయిరా" అన్నారు. పక్కనే ఉన్న వాళ్ళ దాదీ ఒప్పుకోలేదు. "ఎందుకుండవు? మనిషికన్నా వాటికే మనసెక్కువ" అన్నారు. ఇద్దరూ మా ముఖం వైపు చూశారు. మేము నవ్వి ఊరుకున్నాం. ఎందుకంటే ఆ ప్రశ్నకు రెండు ముక్కల్లో జవాబు లేదు. ఈ ప్రసంగమంతా ఆ బాబుకు మేమివ్వాల్సిన జవాబే.

ముందుగా ఆ ఏనుగు సంగతి చూద్దాం. ఫొటోలో దాని చెంప మీద తడి చార కనిపిస్తోంది. చూసినవాళ్ళెవరైనా కన్నీరే అనుకుంటారు. మన కంట్లో ఊరే నీటిలో ఎక్కువైనది సన్నని నాళం గుండా ముక్కులోకి దిగిపోతుంది. ఏనుగుకు ఆ నాళం లేదు. కంట్లో తడి ఎక్కువైతే బయటికే కారాలి. దుమ్ము పడినా కారుతుంది, ఎండకూ కారుతుంది. ఇక కంటికి, చెవికి మధ్య కణత దగ్గర ఒక గ్రంథి ఉంది. మగ ఏనుగుకు మదమెక్కినప్పుడు అక్కడి నుంచి మదజలం వస్తుంది. ఆఫ్రికా ఏనుగుల్లో ఆడవాటికి కూడా, కలవరపడినప్పుడు ఆ చోటు తడుస్తుంది. కాబట్టి తడి చార ఒక్కటే చూసి ఏనుగు దుఃఖపడుతోందని చెప్పలేం. దుఃఖం లేదనీ చెప్పలేం. ఆ ఫొటోకు అంతవరకే తెలుసు.

ఇంతకన్నా పెద్ద పొరపాటు ఒకటి ప్రపంచమంతా చేసింది. 2016 జనవరిలో ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్ రాష్ట్రంలో ఒక ఫొటోగ్రాఫర్ కంగారూల ఫొటో తీశాడు. నేల మీద ఆడ కంగారూ పడి ఉంది. మగ కంగారూ దాని తలను రెండు చేతులతో పైకెత్తి పట్టుకుని ఉంది. పక్కన పిల్ల నిలబడి ఉంది. చనిపోతున్న తల్లి చివరిసారి బిడ్డను చూసుకోవాలని మగది తల ఎత్తి పట్టుకుందనే మాట పత్రికల్లో, ఫోన్లలో దేశదేశాలకూ పాకింది. ఎంతోమంది కంటతడి పెట్టారు. మేమూ పెట్టాం, నలుగురికి పంపించాం కూడా. కొద్దిరోజులకు ఆస్ట్రేలియన్ మ్యూజియంలో కంగారూల మీద పనిచేసే నిపుణుడు ఆ ఫొటోలను పరిశీలించి, ఇది దుఃఖం కాదన్నాడు. మగది ఆడదానితో జత కట్టాలని చూస్తోంది, దాన్ని లేపడానికే అలా పట్టుకుంది, ఆడది చనిపోవడానికి ఆ మగదే కారణమై ఉండవచ్చు అని చెప్పాడు.

కన్నీళ్ళు పెట్టుకున్నవాళ్ళ మనసు మంచిదే. కానీ మంచి మనసుతో చూసినంత మాత్రాన చూసింది నిజమైపోదని ఆ ఫొటో మాకు నేర్పింది. కెమెరా సెకనులో వెయ్యో వంతు కాలాన్ని పట్టుకుంటుంది. దానికి ముందేం జరిగిందో, తర్వాతేం జరిగిందో ఫొటోలో ఉండదు. ఆ ఖాళీని మన ఊహతో పూరిస్తాం.

అంతమాత్రాన జంతువులకు దుఃఖమే లేదనుకుంటే అది రెండో పొరపాటు. 1872లోనే చార్లెస్ డార్విన్ మనుషుల్లో, జంతువుల్లో భావాలు పైకి కనిపించే తీరు మీద ఒక పుస్తకం రాశాడు. ఫొటోలు అచ్చువేసిన తొలి శాస్త్ర గ్రంథాల్లో అదొకటి. ఆ తర్వాత చాలాకాలం జంతువుల భావాల గురించి మాట్లాడటమే శాస్త్రవేత్తలకు నామోషీ అయింది. ఇప్పుడు పరిస్థితి మారింది. బార్బరా కింగ్ అనే అమెరికన్ మానవశాస్త్రవేత్త జంతువుల దుఃఖం మీద 2013లో ఒక పుస్తకం రాశారు. ఆమె పెట్టిన కొలత చాలా తేలికగా అర్థమవుతుంది. తోడున్న జీవి చనిపోయాక మిగిలిన జీవి తిండి, నిద్ర, తిరుగుడు, తోటివాటితో మెలిగే తీరు బాగా మారిపోవాలి. ముఖం ఎలా ఉందన్నది కాదు, రోజు ఎలా గడిచిందన్నది చూడాలి. మన ఇళ్ళలోనూ అంతే కదా. మయ్యత్ రోజు ఎవరు ఎంత బిగ్గరగా ఏడ్చారో చూసి దుఃఖాన్ని కొలవం. నలభై రోజులైనా అన్నం సయించని మనిషిని చూస్తే తెలుస్తుంది.

ఈ కొలతతో చూస్తే మొదట చెప్పాల్సింది ఒక తల్లి కథ. అమెరికా, కెనడాల సరిహద్దులో, పసిఫిక్ తీరంలో సేలిష్ అనే సముద్రం ఉంది. అక్కడ ఓర్కాలు ఉంటాయి. నలుపు తెలుపు రంగుల్లో ఉండే ఈ తిమింగలాలు నిజానికి డాల్ఫిన్ కుటుంబానివి. ఒక్కొక్క ఓర్కాకు వీపు రెక్క మీది గాట్లు, రెక్క వెనకాల ఉండే బూడిద రంగు మచ్చ వేరువేరుగా ఉంటాయి, మన వేలిముద్రల్లాగ. 1976 నుంచి అక్కడి పరిశోధకులు ఏటా ఫొటోలు తీసి, ఏది ఎవరి బిడ్డో, ఏది బతికి ఉందో లెక్క రాస్తున్నారు. అందుకే అక్కడ ప్రతి ఓర్కాకూ ఒక నంబరు, చాలావాటికి పేరు కూడా ఉన్నాయి. వాటిలో జె35 అనే ఆడదానికి తాలెక్వా అని పేరు.

2018 జూలై 24న తాలెక్వాకు ఆడపిల్ల పుట్టింది. అరగంటైనా గడవకముందే చనిపోయింది. ఓర్కా తన బిడ్డను సుమారు 17 నెలలు కడుపులో మోస్తుంది. తాలెక్వా చనిపోయిన బిడ్డను వదల్లేదు. తల మీద ఎత్తి పట్టుకుని ఈదింది. అది జారి మునిగిపోతే లోతుకు వెళ్ళి మళ్ళీ పైకి తెచ్చింది. ఇలా ఒక రోజు కాదు, రెండు రోజులు కాదు, 17 రోజులు. ఆ రోజుల్లో అది సుమారు 1,600 కిలోమీటర్లు తిరిగిందని లెక్క కట్టారు. ఇది కంగారూ ఫొటోలాంటిది కాదు. ఆ జీవి ఎవరో, ఎప్పుడు కనిందో, బిడ్డ ఎప్పుడు పోయిందో, ఏ రోజు ఎక్కడ ఉందో చూసినవాళ్ళున్నారు. ఒకదాని పక్కన ఒకటి పేర్చిన ఫొటోలున్నాయి.

2020లో తాలెక్వాకు ఒక మగపిల్ల పుట్టి బతికింది. 2024 డిసెంబరులో పుట్టిన ఆడపిల్ల మళ్ళీ చనిపోయింది. 2025 జనవరి మొదట్లో తాలెక్వా మళ్ళీ తల మీద బిడ్డ శరీరంతో కనిపించింది.

ఈ ఫొటోలు చూసి ప్రపంచం ఏడ్చింది. ఆ సముద్రం దగ్గరి పరిశోధకులు మాత్రం ఏడుపుతో పాటు ఇంకో మాట చెప్తూ వచ్చారు. ఆ గుంపులన్నీ కలిపి 2018 నాటికి మిగిలింది 75 ఓర్కాలే. అవి ముఖ్యంగా చినూక్ సాల్మన్ అనే చేప తిని బతుకుతాయి. నదుల మీద ఆనకట్టలు, పాడైపోయిన వాగులు, తరాల తరబడి జరిగిన వేట వల్ల ఆ చేప తగ్గిపోయింది. ఓడల చప్పుడు వల్ల ఉన్న చేపను వెతుక్కోవడం కూడా కష్టమవుతోంది. తిండి చాలని తల్లికి బిడ్డ నిలవడం కష్టం. తాలెక్వా తల మీదున్న బిడ్డ ఫొటోలో కనిపిస్తుంది. లేని చేప ఫొటోలో కనిపించదు. ఈ మాట గుర్తుంచుకోండి, మళ్ళీ దీని దగ్గరికే వస్తాం.

ఇంకొక కథ టాంజానియాలోని గోంబె అడవిది. జేన్ గూడాల్ 1960 నుంచి అక్కడి చింపాంజీలను గమనించారు. హ్యూగో వాన్ లావిక్ 1962లో వచ్చి వాటిని కెమెరాలో బంధించారు. వాళ్ళకు అన్నిటికన్నా దగ్గరైన తల్లి పేరు ఫ్లో. దాని చిన్న కొడుకు ఫ్లింట్. ఎనిమిదేళ్ళు దాటినా తల్లిని వదిలేవాడు కాదు. 1972లో ఫ్లో ముసలితనంతో ఒక వాగు దగ్గర చనిపోయింది. ఫ్లింట్ తినడం మానేశాడు. తోటివాటిని తప్పించుకుని తిరిగాడు. ఒకసారి చెట్టెక్కి, తల్లితో కలిసి పడుకున్న ఖాళీ గూడు వైపు చూస్తూ నిలబడిపోయాడని గూడాల్ రాశారు. జబ్బుపడి, నెల తిరగకుండానే, తల్లి పోయిన చోటికి దగ్గర్లోనే చనిపోయాడు.

ఏనుగుల గురించి కూడా పరీక్షగా చూసినవాళ్ళున్నారు. కెన్యాలోని సంబురు అడవిలో 2003 అక్టోబరు 10న ఎలియనోర్ అనే పెద్ద ఆడ ఏనుగు కూలిపోయింది. అది తన మందకు పెద్ద దిక్కు. కొద్ది నిమిషాల్లోనే గ్రేస్ అనే ఇంకో మంద పెద్ద వచ్చి దంతాలతో దాన్ని లేపి నిలబెట్టింది, నడిపించాలని తోసింది. ఎలియనోర్ నిలబడలేక మళ్ళీ పడిపోయింది. తన మంద వెళ్ళిపోతున్నా గ్రేస్ చాలాసేపు అక్కడే ఉండిపోయింది. మర్నాడు ఎలియనోర్ చనిపోయింది. తర్వాతి వారం రోజుల్లో ఐదు కుటుంబాల ఏనుగులు ఆ శరీరం దగ్గరికి వచ్చి వెళ్ళాయి. వాటిలో రక్తసంబంధం లేనివీ ఉన్నాయి. ఇయాన్ డగ్లస్-హామిల్టన్ బృందం ఇదంతా కాలర్ల సాయంతో, కళ్ళతో, కెమెరాలతో నమోదు చేసింది.

అదే కెన్యాలోని అంబోసెలిలో ఇంకో పరీక్ష చేశారు. ఏనుగు పుర్రెను, దున్న పుర్రెను, ఖడ్గమృగం పుర్రెను పక్కపక్కన పెట్టారు. ఏనుగులు ఏనుగు పుర్రె దగ్గరే ఎక్కువసేపు నిలబడి తొండంతో, పాదంతో తడిమాయి. కట్టెకన్నా దంతాన్ని ఎక్కువగా తడిమాయి. కానీ తమ సొంత పెద్ద పుర్రెను, పరాయి మంద పెద్ద పుర్రెను పెడితే తేడా చూపించలేదు. 2006లో వచ్చిన ఆ పరిశోధన రెండు ఫలితాలనూ దాచకుండా రాసింది. సొంతవాళ్ళ ఎముకలను గుర్తుపట్టి ఏడుస్తాయన్న మాట చెప్పుకోవడానికి బాగుంటుంది. ఆ పరీక్షలో మాత్రం అది తేలలేదు.

ఇప్పుడు ముఖం గానీ ఫొటో గానీ అసలు అక్కర్లేని రుజువు ఒకటి చెప్తాం. బోట్స్వానాలోని ఒకవాంగో ప్రాంతంలో బబూన్ కోతుల మీద పనిచేసే పరిశోధకులు వాటి పేడను సేకరించి, అందులో ఒత్తిడికి సంబంధించిన హార్మోన్లను కొలిచారు. దగ్గరి బంధువును సింహమో చిరుతో ఎత్తుకుపోయిన 22 ఆడ బబూన్లలో ఆ హార్మోన్లు పెరిగాయి. సుమారు నెల రోజులకు మళ్ళీ మామూలుకు వచ్చాయి. ఆ నెలలో అవి ఏం చేశాయో చూడండి. మామూలుకన్నా ఎక్కువమందితో కూర్చుని, ఒకరి ఒళ్ళు ఒకరు దువ్వుకున్నాయి. సిల్వియా అని ఒక ఆడది ఉండేది. గుంపులో దాని హోదా పెద్దది, గర్వం కూడా పెద్దదే. తన కూతురితో తప్ప ఎవరితోనూ కలిసేది కాదు. ఆ కూతుర్ని సింహం చంపేసింది. కొన్నాళ్ళకు సిల్వియా తనకన్నా ఎంతో తక్కువ హోదా ఉన్నవాటి పక్కన చేరి వాటి ఒళ్ళు దువ్వడం మొదలుపెట్టింది. దుఃఖంలో ఉన్నవాళ్ళకు పక్కన ఒక మనిషి కావాలని మన పెద్దలు ఎప్పుడూ చెప్పేదే. బబూన్ల పేడ కూడా అదే చెప్పింది.

మన దేశానికి వద్దాం. ఉత్తర బెంగాల్ తేయాకు తోటల్లో 2022, 2023లలో ఐదు చోట్ల ఏనుగు పిల్లల శరీరాలు తోట కాలువల్లో మట్టి కప్పి కనిపించాయి. కాళ్ళు మాత్రం పైకి ఉన్నాయి. అటవీ అధికారి పర్వీన్ కస్వాన్, పరిశోధకుడు ఆకాశ్‌దీప్ రాయ్ ఆ చోటి ఫొటోలు, అడుగుల గుర్తులు, పోస్టుమార్టం నివేదికలు కలిపి 2024లో ఒక వ్యాసం రాశారు. పిల్లల వీపుల మీద ఈడ్చిన గాయాలున్నాయి. రాత్రిపూట ఏనుగులు గట్టిగా ఘీంకరించడం తోట కాపలావాళ్ళు విన్నారు. ఆ పని అయ్యాక మంద అక్కడ నిలవలేదు. తర్వాత ఆ దారిన రావడం కూడా తగ్గించింది. పిల్లే కాలువలో జారిపడి, తల్లి తీయబోతే మట్టి కూలిందేమో అని అడిగేవాళ్ళు అడగవచ్చు. అడగాలి కూడా. ఐదు కాలువల్లో, ఐదు పిల్లలూ ఒకే తీరుగా ఉండటం మాత్రం తేలిగ్గా తోసిపుచ్చే విషయం కాదు.

కాబట్టి బాబూ, ఏనుగు ఏడుస్తుందా అంటే, ఆ తడి చార ఏడుపని మేము చెప్పలేం. తనవాళ్ళు పోతే ఏనుగుకు ఏదో అవుతుందనీ, అది చిన్న విషయం కాదనీ మాత్రం చెప్పగలం. అది మన దుఃఖంలాంటిదేనా? దాని లోపలికి వెళ్ళి చూసినవాళ్ళు లేరు.

ఇప్పుడు మా సొంత ఫొటో ఒకటి. ఇది గోడ మీద లేదు. ఎందుకు లేదో చెప్పడానికే ఈ వేదిక ఒప్పుకున్నాం.

కొన్నేళ్ళ క్రితం ఎండాకాలంలో దోర్నాల మీదుగా శ్రీశైలం వెళ్ళే రోడ్డులో ఉన్నాం. ఒక మలుపు దగ్గర పిట్టగోడ మీద కోతుల గుంపు. కార్లు ఆగుతున్నాయి. జనం అరటిపళ్ళు, బిస్కెట్లు విసురుతున్నారు. అందులో ఒక తల్లి కోతి చేతిలో పిల్ల ఉంది. పిల్ల తల వేలాడుతోంది. కాసేపు చూస్తేగానీ అది చనిపోయిందని మాకు అర్థం కాలేదు. బతికున్న పిల్ల తల్లి పొట్టను తనే కరుచుకుని ఉంటుంది. దీన్ని తల్లి ఒక చేత్తో పట్టుకుని, మూడు కాళ్ళ మీద కుంటుతూ నడుస్తోంది. కూర్చున్నప్పుడు ఈగలు తోలుతోంది, వెంట్రుకలు దువ్వుతోంది. అక్కడ టీ అమ్మే ఆయన, "నిన్న సాయంత్రం జీపు కొట్టింది సార్, పండు కోసం రోడ్డుకు అడ్డం పడింది" అన్నాడు.

చనిపోయిన పిల్లను కోతులు రోజుల తరబడి మోయడం చాలాచోట్ల నమోదైంది. చనిపోయిందని తెలియకే మోస్తుందనేవాళ్ళున్నారు. బాలింత శరీరంలో ఉండే మార్పుల వల్ల వదల్లేదనేవాళ్ళున్నారు. బతికున్నప్పుడు పట్టుకునే తీరుకూ, ఇప్పటి తీరుకూ తేడా ఉంది కాబట్టి తెలిసే మోస్తుందనేవాళ్ళున్నారు. ఆ రోజు మాకు ఇవేవీ గుర్తు రాలేదు. గుర్తొచ్చింది ఒక్కటే, ఫొటో.

లెన్సు పెద్దదే అయినా ఇంకా దగ్గరికి వెళ్ళాం. ముగ్గురం మూడు వైపుల నుంచి చుట్టాం. మమ్మల్ని చూసి కార్లలోవాళ్ళు ఫోన్లు తీసుకుని దిగారు. పది అడుగుల దూరంలోకి వచ్చేసరికి తల్లి బెదిరి చెట్టుకు ఎగిరింది. చేతిలోని పిల్ల జారి తారు రోడ్డు మీద పడింది. తల్లి సగం దాకా దిగి వచ్చి, మా వైపు చూసి, మళ్ళీ పైకి ఎక్కింది. మళ్ళీ దిగింది, మళ్ళీ ఎక్కింది. మేము కదల్లేదు. నిజం చెప్పాలంటే కదలాలనే తట్టలేదు, మా వేళ్ళు కెమెరా నొక్కుతూనే ఉన్నాయి. చివరికి టీ ఆయన వచ్చి, "ఎనక్కి రాండి సార్, దాని బిడ్డను అది తీసుకుంటది" అని కసిరితే తగ్గాం. తల్లి దిగి వచ్చి పిల్లను తీసుకుని అడవిలోకి వెళ్ళిపోయింది.

ఆ ఫొటో చాలా బాగా వచ్చింది. ఫోన్లలో వందలమంది చూశారు. తల్లిప్రేమ అని రాశారు, దండాలు పెట్టారు. ఆ పిల్ల ఎలా చనిపోయిందని ఒక్కరూ అడగలేదు. మేమూ రాయలేదు. ఎందుకంటే ఆ రోజు మా సంచిలోనూ అరటిపళ్ళు ఉన్నాయి. ఎన్నో ఏళ్ళుగా ఆ రోడ్డులో కోతులకు పళ్ళు వేయడం మంచి పని అనుకుని మేమూ వేస్తూ వచ్చాం. ఆ జీపు నడిపినవాడు ఒక్కడే ఆ పిల్లను చంపలేదు. కోతిని అడవిలోంచి రోడ్డు మీదికి రప్పించిన ప్రతి అరటిపండుకూ అందులో వాటా ఉంది. అవి విసిరిన చేతుల్లో ఒక్కటి కూడా చెడ్డ చెయ్యి కాదు.

మనందరికీ తెలిసిన ఒక హదీసు ఇక్కడ గుర్తొస్తుంది. ప్రయాణంలో సహచరులు ఒక పక్షి పిల్లలను రెండిటిని తీసుకున్నారు. తల్లి పక్షి వచ్చి రెక్కలు కొట్టుకుంటూ తిరగసాగింది. దైవప్రవక్త (స) అది చూసి, పిల్లల విషయంలో దాన్ని బాధపెట్టినవారు ఎవరని విచారించారు. పిల్లలను తిరిగి ఇచ్చేయమన్నారు. ఈ సంఘటన అబూ దావూద్ సంకలనంలో ఉంది. ఆ రోజు కోతి ముందు నిలబడిన మాకు ఇందులోని వరస ఇప్పుడు కొత్తగా అర్థమవుతోంది. ముందు దుఃఖాన్ని గమనించడం. తర్వాత కారణమెవరని అడగడం. ఆ తర్వాత చేయగలిగింది చేయడం. మేము మొదటిదాని దగ్గరే ఆగిపోయి, దాన్నే జాలి అనుకున్నాం.

2017లో శాంక్చువరీ పత్రిక పెద్ద బహుమతి ఇచ్చిన ఫొటో మీలో కొందరు చూసి ఉంటారు. పశ్చిమ బెంగాల్‌లోని బాంకురా జిల్లాలో బిప్లబ్ హజ్రా తీశారు. రోడ్డు దాటుతున్న తల్లి ఏనుగు వెనకాల పిల్ల ఏనుగు పరుగెడుతోంది. పిల్ల వెనక కాళ్ళకు మంటలంటుకున్నాయి. జనం విసిరిన నిప్పు ముద్దలవి. చూడగానే ఆ జనం మీద కోపం వస్తుంది. ఆ కోపం న్యాయమే. అయినా ఫొటోకు ముందున్నదీ అడగాలి. ఏనుగులు నడిచే దారులు తెగిపోయాయి. పంటలోకి ఏనుగుల మంద దిగితే రైతుకు ఒక్క రాత్రిలో ఏడాది కష్టం పోతుంది. కొన్నిసార్లు ఇంటి మనిషే పోతాడు. ఆ ఇంట్లో దుఃఖాన్ని ఎవరూ ఫొటో తీయలేదు.

ఇది ఎక్కడో బెంగాల్ గొడవ కాదు. మన చిత్తూరు జిల్లా కౌండిన్య అడవి పక్క పల్లెల్లోనూ, పార్వతీపురం మన్యం జిల్లాలోనూ ఏనుగులున్నాయి. పొలాల్లో కరెంటుకు తగిలి ఏనుగులు చనిపోయాయి, ఏనుగుల దాడుల్లో మనుషులూ చనిపోయారు. పంది కోసం దొంగచాటుగా కంచెకు కరెంటు ఇస్తే అది పందిని, ఏనుగును, తెల్లారి నీళ్ళు కట్టడానికి వెళ్ళిన రైతును వేరు చేసి చూడదు.

మీరు దాతలు. ఒక ఫొటో చూసి కరిగిపోయే మనసు మీకుంది, లేకపోతే ఈ హాలే లేదు. ఆ మనసును తగ్గించుకోమని మేము అనడం లేదు. కళ్ళు తడిసిన తర్వాత ఇంకొక్క అడుగు వేయమంటున్నాం. దీనికి ముందేం జరిగింది, తర్వాతేం జరిగింది, నా చెయ్యి ఇందులో ఎక్కడైనా ఉందా అని అడగమంటున్నాం. అడవి రోడ్డులో కోతులకు ఏమీ వేయకండి, పిల్లలచేత వేయించకండి. అడవి పక్కన పొలమున్నవాళ్ళుంటే దొంగ కరెంటు తీగ కట్టకండి. ప్రాణం తీయకుండా ఝళిపించి వదిలే సోలార్ కంచెలున్నాయి. పంట పోతే అటవీశాఖ ఇచ్చే పరిహారం ఉంది. దానికి దరఖాస్తు రాయలేని రైతుకు రాసిపెట్టడం కూడా దానమే. గుడ్లున్న గూటినీ, పిల్లలతో ఉన్న తల్లినీ ఫోన్ పట్టుకుని తరమకండి. అది మన నుంచి దూరంగా జరిగిందంటే మనం అప్పటికే ఎక్కువ దగ్గరికి వచ్చేశామని అర్థం.

చివరిగా, చనువుకొద్దీ ఒక మాట. దుఃఖంలో ఉన్న జీవి ముందు కెమెరా ఎత్తేటప్పుడు మేము నేర్చుకున్న జాగ్రత్త మనుషులకు ఇంకా ఎక్కువ అవసరం. సాయం అందుకునే ఇంటి గుమ్మంలో ఫొటో తీసేముందు ఆ ఇంటివాళ్ళను అడుగుదాం. వద్దంటే, సంచి ఇచ్చి సలాం చెప్పి వచ్చేద్దాం. కోతి వద్దని చెప్పలేకపోయింది, చెట్టెక్కింది. మనిషి చాలాసార్లు చెట్టూ ఎక్కలేడు, వద్దనీ చెప్పలేడు.

ఆ కోతి ఫొటో మా దగ్గరే ఉంది. చెరిపేయలేదు, మళ్ళీ ఎక్కడా పెట్టలేదు. నల్లమల వెళ్ళే ప్రతిసారీ బయలుదేరే ముందు ఒకసారి తీసి చూసుకుంటాం. సంచిలో అరటిపళ్ళు లేవని కూడా చూసుకుంటాం.